పరిమిత పనిముట్లతో పాత స్ప్లెండర్ నిర్వహణ

1994లో మార్కెట్లోకి వచ్చిన హీరో హోండా స్ప్లెండర్ పాత బండ్లు ఇప్పటికీ మన పల్లెల్లో పాలక్యాన్లు మోస్తూ తిరుగుతున్నాయి. 97.2 సి.సి. ఇంజన్, కార్బురేటర్, డ్రమ్ బ్రేకులు గల ఈ బండికి మామూలు పనులు చేయడానికి పానాల సెట్టు, ప్లగ్ పానా, స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్ చాలు.

మొదట ఆయిల్ చూడాలి. బండిని చదునైన చోట సెంటర్ స్టాండు మీద నిలిపి, ఇంజన్‌ను రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, కాసేపయ్యాక డిప్‌స్టిక్‌ను (ఆయిల్ మట్టం చూపే కడ్డీని) తీసి తుడిచి, మర తిప్పకుండా రంధ్రంలో ఆనించి మాత్రమే మట్టం చూడాలి; బిగించి చూస్తే ఆయిల్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

కొత్తవారి చేతిలో ఎక్కువగా పాడయ్యేవి మరలు. పాత ఆయిల్ తీయడానికి ఇంజన్ అడుగున ఉండే డ్రెయిన్ బోల్టు గానీ, స్పార్క్ ప్లగ్ గానీ దిగేది మెత్తని అల్యూమినియంలోకి కాబట్టి, మొదటి చుట్లు తప్పనిసరిగా వేళ్లతోనే తిప్పాలి. బిగుతుగా తగిలితే వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలే తప్ప పానాకు పైపు తొడిగి బలం చేయకూడదు. తీసిన పాత ఆయిల్‌ను కాలువలో పోయకుండా డబ్బాలో పట్టి ఉంచండి, ఆ నీరే పొలానికి వెళుతుంది.

ప్లగ్‌ను ఇంజన్ చల్లారాక, చుట్టూ ఉన్న దుమ్ము ఊది తీయాలి. మొన లేత గోధుమరంగులో ఉంటే మంచిదే. పొడి మసి పట్టి ఉంటే ముందు ఎయిర్ ఫిల్టర్‌ను చూడండి. ఆయిల్ తడి కనిపిస్తే పిస్టన్ రింగులు గానీ వాల్వు సీళ్లు గానీ అరిగి ఉండవచ్చు, అది మెకానిక్ చేయవలసిన పని. ప్లగ్ మొన దగ్గర నిప్పురవ్వ దూకే గ్యాప్ 0.6 నుంచి 0.7 మి.మీ. ఉండాలి.

చైన్ అన్నిచోట్లా ఒకేలా సాగదు. అందుకే ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో వెనుక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ చైన్ కవరు రంధ్రంలోంచి అత్యంత బిగుతైన చోటు వెతికి, అక్కడ చైన్‌కు పైకీ కిందికీ సుమారు అంగుళం ఆట (వదులు) ఉండేలా, రెండువైపుల గుర్తులూ సమానంగా వచ్చేలా సరిచేయాలి. చైన్ బిగించినప్పుడు చక్రం వెనక్కి జరిగి వెనుక బ్రేకు ఆట మారుతుంది. పెడల్‌కు 20 నుంచి 30 మి.మీ. ఆట మళ్లీ అమర్చి, పెడల్ పూర్తిగా నొక్కినప్పుడు బ్రేకు ఆర్మ్ మీది బాణం డ్రమ్ము మూత మీది గుర్తు దాకా వస్తోందేమో చూడాలి. వస్తే బ్రేకు షూలు మార్చేదాకా బండిని రోడ్డెక్కించకండి.