కొండ ఊళ్లలో నడక, 3వ పాఠం: మొదటి స్టాపులో దిగకండి

పోయిన పాఠం పట్టుకుని ఇటలీలోని కొండ ఊరు అస్సీసీ వెళ్లొచ్చినవాళ్లు చాలామంది ఒకటే మాట రాశారు: "పైనుంచి కిందికి నడవమన్నారు, మేం మాత్రం రోజంతా ఎక్కుతూనే ఉన్నాం." అందుకే ఈసారి ఇవ్వాల్సిన సియెనా ఊరి పాఠాన్ని పక్కన పెట్టాను. ముందు ఈ చిక్కు తేలాలి.

బూట్లు, నీళ్ల సీసా గురించి చెప్పను. పొరపాటంతా బస్సులోనే జరుగుతోంది.

అస్సీసీ స్టేషన్ ఊళ్లో ఉండదు, కింద మైదానంలో ఉంటుంది. అక్కణ్నుంచి సి లైన్ బస్సు కొండెక్కుతుంది. పైకొచ్చాక అది ముందుగా ఆగేది ఈ ఊరివాడే అయిన సాధువు సెయింట్ ఫ్రాన్సిస్ పేరిట ఉన్న బసిలికా (పెద్ద చర్చి) దగ్గర. కిటికీలోంచి బసిలికా కింది పెద్ద పెద్ద కమానులు కనబడగానే జనం బ్యాగులు సర్దుకుని లేస్తారు. మీరు లేవకండి. బసిలికా ఉన్నది ఊరి దిగువ కొసన. అక్కడ దిగితే ఇక చూడాల్సినవన్నీ మీ నెత్తిమీదే ఉంటాయి. ఫోన్‌లో మ్యాప్ చూస్తే అన్నీ దగ్గర్లోనే ఉన్నట్టుంటాయి, ఎందుకంటే అది దూరం చూపిస్తుంది గానీ ఎత్తు చూపించదు. చూడాలని అంత దూరం వచ్చిన గుడి ఎదురుగా కనిపిస్తుంటే కూర్చోవడం కష్టమే. అయినా కూర్చోండి. ఆఖరి స్టాపు పియాజ్జా మత్తెయోత్తి (పియాజ్జా అంటే చౌకు). అక్కడే దిగాలి.

అక్కణ్నుంచి కాస్త దిగితే సాన్ రుఫీనో కెథెడ్రల్. ఫ్రాన్సిస్‌కు, ఆయన శిష్యురాలు క్లారాకు బాప్తిస్మం ఇచ్చారని చెప్పే తొట్టి లోపల ఉంది. ఇలాంటి చర్చిలు మధ్యాహ్నం కొంతసేపు మూసేయొచ్చు కాబట్టి దీన్ని పొద్దున్నే చూసేయాలి. ఇంకా దిగితే పియాజ్జా దెల్ కొమూనే, అందులో క్రీ.పూ. 1వ శతాబ్దపు రోమన్ దేవత మినర్వా గుడి. దాని 6 స్తంభాల కింద దిమ్మెలు చూడండి. ముందు జాగా చాలక మెట్లను ఆ దిమ్మెల మధ్యలోంచే పైకి తీసుకెళ్లారు. నాకు ఆ ఊళ్లో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

వియా సాన్ ఫ్రాంచెస్కో అనే వీధి వెంట దిగుతూ పోతే చివర బసిలికా. ముందు ఎగువ చర్చి చూడండి. 1997 భూకంపంలో దీని కప్పు కొంత కూలి నలుగురు చనిపోయారు. గోడల మీద ఫ్రాన్సిస్ జీవితం 28 చిత్రాల్లో ఉంది. తలుపు దగ్గర మొదలుపెడితే కథ అర్థం కాదు. కుడి గోడ వెంట బలిపీఠం దాకా వెళ్లి, అక్కణ్నుంచి వెనక్కి చూసుకుంటూ రండి. తలుపు దాటాక ఎడమ గోడ. ఆ తర్వాత దిగువ చర్చి, కింద బస్సు స్టాపు.

ఒర్వియేతో అనే ఇంకో కొండ ఊళ్లో పద్ధతి కొంచెం మారుతుంది. స్టేషన్ నుంచి ఫ్యూనిక్యులర్ (తాడుతో కొండపైకి లాగే) రైలు పైకి తీసుకెళ్తుంది గానీ, దిగే చోటు ఊరి అంచు. కెథెడ్రల్ దాకా బస్సెక్కి, నడుస్తూ వెనక్కి రండి. 248 మెట్ల సెయింట్ పాట్రిక్ బావి ఫ్యూనిక్యులర్ పక్కనే ఉంది, కాబట్టి దాన్ని ఆఖరున పెట్టుకోండి.

అభ్యాసం: పెరూజా, ఇదీ కొండ ఊరే. ఫొంతానా మజ్జోరే అనే ఫౌంటెన్ ఊరి నడినెత్తిన ఉంది. ఎత్రుస్కన్ (రోమన్లకు ముందు అక్కడున్న జనం) తోరణం దానికి ఉత్తరాన, కింద. రొక్కా పావొలీనా కోటలోంచి దిగే ఎస్కలేటర్లు దక్షిణాన. మూడూ కలిసేలా, ఎక్కడం ఒక్కసారికి మించకుండా దారి గీయండి. ఆ ఒక్క ఎక్కుడూ ఎండ ముదరక ముందే అయిపోవాలి.