చైన్‌సా ఎయిర్ ఫిల్టర్: ఎలా కడగాలి, ఎప్పుడు మార్చాలి

మిషన్ రేస్ ఎక్కట్లేదు, నల్లపొగ వస్తోంది అనగానే చాలామంది స్క్రూడ్రైవర్ తీసుకొని కార్బొరేటర్ మీద పడతారు. ముందు విప్పాల్సింది ఎయిర్ ఫిల్టర్. అది మూసుకుపోతే గాలి తగ్గుతుంది, పెట్రోల్ పాలు ఎక్కువవుతుంది. ప్లగ్గుకు మసి పడుతుంది, మొద్దులోకి సగం దిగాక ఇంజిన్ గుంజలేక ఆగిపోతుంది. అప్పుడు కార్బొరేటర్ మీది హెచ్ స్క్రూ (ఫుల్ రేస్‌లో పెట్రోల్ ఎంత పోవాలో సరిచేసేది) బిగించి పెట్రోల్ తగ్గిస్తే ఆ పూటకు బాగానే నడుస్తుంది. అసలు ముప్పు తర్వాత, ఫిల్టర్ శుభ్రం చేసినప్పుడు వస్తుంది. గాలి నిండుగా అందుతుంది, పెట్రోల్ చాలదు. టూ స్ట్రోక్ ఇంజిన్‌కు ఆయిల్ అందేది పెట్రోల్‌తోనే (50:1 మిషన్, అంటే 50 పాళ్ల పెట్రోల్‌కు ఒక పాలు ఆయిల్ కలిపేది అయితే లీటరుకు 20 మి.లీ.) కాబట్టి ఆయిలూ తగ్గినట్టే. పిస్టన్ వేడెక్కి సిలిండర్‌కు పట్టేస్తుంది.

విప్పే ముందు ఇంజిన్ ఆపి చల్లారనివ్వండి. చోక్ మూయండి, లేకపోతే మూత తీయగానే రాలే పొట్టు నేరుగా కార్బొరేటర్‌లోకి పోతుంది. చోక్ లేని మోడల్ అయితే ఫిల్టర్ తీశాక ఆ రంధ్రానికి శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టండి, బిగించేటప్పుడు దాన్ని మరచిపోవద్దు. మూత చుట్టూ, ఆ తర్వాత ఫిల్టర్ చుట్టూ బ్రష్‌తో దులిపాకే ఫిల్టర్ బయటికి తీయాలి. లోపలి గదిని గుడ్డతో తుడవండి, గాలి కొట్టొద్దు.

నైలాన్ జాలీ ఫిల్టర్‌ను మెత్తటి బ్రష్‌తో, గోరువెచ్చని సబ్బునీళ్లతో కడగొచ్చు. ఫెల్ట్ (పోగులు నొక్కి చేసిన) రకాన్ని గట్టిగా రుద్దితే పోగులు లేస్తాయి. తట్టి దులపండి, జిడ్డు పట్టి ఉంటే సబ్బునీళ్లలో నానబెట్టి జాడించండి. మడతల కాగితం ఫిల్టర్‌ను మాత్రం తడపొద్దు, తట్టడమే. పెట్రోల్‌లో ముంచే అలవాటు చాలా చోట్ల ఉంది. అది ఫోమ్‌నూ, అంచు రబ్బరునూ పాడు చేస్తుంది, నిప్పు ప్రమాదం వేరే. పంక్చర్ షాపు గాలి కొట్టిస్తే ప్రెషర్ బాగా తగ్గించి, జానెడు దూరం నుంచి, లోపలి వైపు నుంచి బయటికి కొట్టాలి. బయటి నుంచి కొడితే దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది.

నీడన పూర్తిగా ఆరనివ్వండి. వానాకాలంలో రాత్రంతా పట్టొచ్చు. రోజూ పని ఉన్నవాళ్లు రెండో ఫిల్టర్ దగ్గర ఉంచుకోవడమే మేలు. ఆరాక వెలుతురుకు ఎత్తి చూడండి. సూదిమొనంత చిరుగు కనిపించినా, అంచు వంగినా, కడిగాక కూడా మిషన్ గుంజకపోయినా కొత్తది వేయాల్సిందే. చిరిగిన ఫిల్టర్ మూసుకుపోయినదాని కంటే చెడ్డది. చెక్క పొట్టు దారి మూస్తుంది, అంతే. చిరుగులోంచి దూరే మట్టి రేణువులు సిలిండర్‌ను గీస్తాయి, కంప్రెషన్ పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారానికి రోడ్డు పక్కన కూలిన వేప, తుమ్మ మొద్దులను కోసేటప్పుడు ఈ మట్టే ఎక్కువ. అలాంటి పనికి పోతే మధ్యాహ్నం అన్నానికి ఆగినప్పుడే ఒకసారి దులపండి. మామూలుగా పనిచేసిన ప్రతి రోజూ సాయంత్రం చూస్తే చాలు.

బిగించేటప్పుడు అంచు అంతటా సమంగా కూర్చోవాలి. తర్వాతిసారి విప్పినప్పుడు కార్బొరేటర్ మూతి దగ్గర సన్నని దుమ్ము కనిపిస్తే ఎక్కడో సందు ఉన్నట్టు.

ఫిల్టర్ మరీ తొందరగా నిండుతుంటే చైన్ చూడండి. పదునున్న చైన్ పెచ్చులు పెచ్చులుగా చెక్క రాలుస్తుంది, మొండిది పిండి చేస్తుంది; ఆ పిండే ఫిల్టర్‌కెక్కుతుంది. ఆకురాయి పెట్టనిదే ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు.

కొన్ని మోడళ్లలో మూత కింద సూర్యుడు, మంచు బొమ్మల మధ్య తిరిగే చిన్న షట్టర్ ఉంటుంది. మంచు వైపు పెడితే సిలిండర్ దగ్గరి వేడిగాలి ఫిల్టర్‌లోకి వస్తుంది. మన దగ్గర మామూలుగా దాని అవసరం రాదు, సూర్యుడి వైపే ఉంచండి.