వాహన పన్ను అంచనా, 5వ పాఠం: ఏ ఏడాదిలో ఎన్ని ఉగాదులు?

పోయిన పాఠంలో క్వార్టర్ ట్యాక్స్ చూశాం. తాడిపత్రిలో సిమెంటు లోడెత్తే లారీకి పంచాంగంతో పనిలేదు, మూణ్ణెల్లకోసారి కట్టాల్సిందే. లైఫ్ ట్యాక్స్ అట్లా కాదు. కొత్త బండి కొన్నప్పుడే పడుతుంది, అనంతపురంలో బండి కొనేదేమో మంచిరోజు చూసుకుని.

ఉగాది 2022లో ఏప్రిల్ 2న, 2023లో మార్చి 22న వచ్చింది. పద్దు ఏప్రిల్ నుంచి మార్చి దాకా కాబట్టి రెండూ 2022–23 పద్దులోనే పడ్డాయి. తర్వాతది 2024 ఏప్రిల్ 9, కాబట్టి 2023–24లో ఒక్కటీ లేదు. 2024–25లో మళ్లీ రెండు, రెండోది 2025 మార్చి 30. 2025–26లో ఒకటి (మార్చి 19). 2027 ఉగాది ఏప్రిల్ 7 కాబట్టి 2026–27కు సున్నా. నిరుటి వసూలుకు పది శాతం కలిపి అంచనా రాసేస్తే బోల్తాపడేది ఇక్కడే.

పండగ పెంపును రూపాయల్లో కాదు, ముందు బండ్ల లెక్కలో తీయండి. ఉదాహరణకు మామూలు రోజు 60 బైకులు, ఉగాది ముందు పదిరోజులు రోజుకు 100 అనుకుందాం. అదనం 400. పండగ దాటాక పదిరోజులు 45కు పడిపోతే తరుగు 150. నికరం 250 బండ్లే. సగటు ధర 90,000, రేటు 12 శాతం అనుకుంటే (అమల్లో ఉన్న రేటు మీరు వేసుకోండి) బండికి 10,800, మొత్తం 27 లక్షలు. తరుగు మరిచిపోతే 43 లక్షలు దాటుతుంది. ఉగాది మార్చి 30న వస్తే ఇంకో తిరకాసు: అదనం ఈ పద్దుకు, తరుగు వచ్చే పద్దుకు పోతాయి.

2025 దసరా పెంపును మాత్రం నమూనాగా తీసుకోకండి. నవరాత్రులు మొదలైన సెప్టెంబర్ 22నే 350 సీసీ లోపు బైకులకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఏది పండగ, ఏది ధర అని విడదీయలేం. పైగా దసరా అక్టోబర్ 2 కావడంతో కొనుగోళ్లు రెండు క్వార్టర్లలో చీలాయి. 2024లో నవరాత్రులన్నీ అక్టోబర్‌లోనే.

2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా విడిపోయింది. హిందూపురం, కదిరి, ధర్మవరం అంకెలు కొత్త శ్రీ సత్యసాయి జిల్లాకు పోయాయి. పాత ఏళ్లతో పోల్చాలంటే ఆ జిల్లా కలిపే చూడాలి. పెనుకొండలో కార్ల ఫ్యాక్టరీ ఉందని అక్కడ పన్ను పెంచి రాయకండి. పన్ను కారు తయారైన ఊళ్లో కాదు, రిజిస్టరైన చోట పడుతుంది.

ఆరో పాఠానికి ముందు మీ జిల్లా నెలవారీ బైకుల అంకెలు తీసుకుని, ఆషాఢం ఏ నెలల్లో పడిందో పక్కన రాసి పెట్టుకోండి. 2023లో అధిక శ్రావణం వచ్చింది, ఆ ఏడు జాగ్రత్త.