జావాస్క్రిప్ట్ నేర్చుకుందాం – 14: స్ట్రింగ్ ముందు సున్నాలు

పోయిన పాఠంలోని అభ్యాసం చాలామందిని ఒకే చోట ఇబ్బంది పెట్టింది. పేర్ల చివర ప్యాడ్‌ఎండ్‌తో ఖాళీలు చేర్చి, పక్కనున్న అంకెలన్నీ ఒకే వరసలోకి తెమ్మన్నాను. కన్సోల్‌లో చక్కగా వచ్చిందట, పేజీలోకి వచ్చేసరికి ఖాళీలు మాయమట. మెథడ్ తప్పేం లేదు. పక్కపక్కనున్న ఖాళీలన్నిటినీ బ్రౌజర్ ఒక్కటిగా చేసి చూపిస్తుంది. ప్రీ ట్యాగ్‌లో పెడితే నిలుస్తాయి. సీఎస్‌ఎస్‌లో వైట్‌స్పేస్‌కి ప్రీ అని ఇచ్చినా నిలుస్తాయి గానీ, అక్షరాలన్నీ ఒకే వెడల్పున్న ఫాంట్ కాకపోతే వరస మాత్రం కుదరదు. నన్నడిగితే పేజీ మీద నిలువు వరసల కోసం ఖాళీలు చేర్చనే వద్దు, టేబుల్ ఉన్నది అందుకే. ప్యాడింగ్ అక్కరకొచ్చేది బిల్లు నంబర్లకు, తేదీలకు, ఫైలు పేర్లకు. అక్షర క్రమంలో పేరిస్తే "10" వచ్చి "9" కన్నా ముందు కూర్చుంటుంది. "09" అని రాస్తే ఆ బాధ లేదు.

కాబట్టి ఈసారి సున్నాలు. స్ట్రింగ్ ముందువైపు నింపే మెథడ్ ప్యాడ్‌స్టార్ట్. ప్యాడ్‌స్టార్ట్‌కి మొదట ఇచ్చేది మొత్తం పొడవు, ఎన్ని సున్నాలు చేర్చాలన్నది కాదు. "42"కి 5, "0" ఇస్తే "00042". నంబరుకి ఈ మెథడ్ లేదు, ముందు స్ట్రింగ్‌గా మార్చుకోండి. మిగతాది మీకు తెలిసిందే.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. ఈ మెథడ్ జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకి వచ్చింది 2017లో. అంతకుముందు ఇంత చిన్న పనికీ బయటి ప్యాకేజీలు తెచ్చుకునేవారు. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 వరుసల ప్యాకేజీని రాసినాయన జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భండారమైన ఎన్‌పీఎం నుంచి తీసేస్తే, ఎక్కడెక్కడి ప్రాజెక్టులో బిల్డ్ కాకుండా ఆగిపోయాయి. ప్యాకేజీ వద్దనుకున్నవాళ్లు ఒక చిట్కా వాడేవారు: ముందు "000" అతికించి, స్లైస్‌తో చివరి మూడు అక్షరాలు తీసుకోవడం. మీలో కొందరు ఇప్పటికీ అదే రాస్తున్నారు.

7 ఇవ్వండి: "0007", అందులోంచి "007". బాగుంది. 42 ఇస్తే "042". 999 కూడా బాగానే ఉంటుంది. 1000 ఇవ్వండి: "0001000", చివరి మూడు "000". 1001 ఇస్తే "001", అంటే మీ మొట్టమొదటి బిల్లు నంబరు. 1007కీ 2007కీ ఒకటే "007". ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. అదే ఫైలు పేరైతే కొత్త ఫైలు పాతదాన్ని చెరిపేస్తుంది. తొమ్మిది వందల తొంభై తొమ్మిది సార్లు సరిగ్గా పనిచేసిన కోడ్‌ని ఆ తర్వాత ఎవరూ అనుమానించరు కూడా. ప్యాడ్‌స్టార్ట్ "1000"కి చెయ్యి తగలనివ్వదు, ఉన్నదున్నట్టే తిరిగిస్తుంది. వరస కాస్త చెదురుతుంది, చెదరనివ్వండి. కంటికి కనిపించే తప్పే నయం.

రుణ సంఖ్యల దగ్గర ప్యాడ్‌స్టార్ట్‌కీ తెలివి లేదు. "-7"కి 4, "0" ఇస్తే "00-7" వస్తుంది. పైథాన్‌లో జెడ్‌ఫిల్ అయితే గుర్తును ముందుంచి "-007" ఇస్తుంది. పీహెచ్‌పీవాళ్లకి ఒక మాట: ఎస్‌టీఆర్‌ ప్యాడ్‌కి ఏ వైపో చెప్పకపోతే కుడివైపు నింపుతుంది, 7 కాస్తా "700" అవుతుంది. పైగా అది లెక్కపెట్టేది బైట్లను. తెలుగు "శ్రీ" జావాస్క్రిప్ట్ లెక్కలో 4 (శ, పొల్లు, ర, గుడి దీర్ఘం), యూటీఎఫ్-8 బైట్లలో 12. పీహెచ్‌పీ 8.3 నుంచి ఎంబీతో మొదలయ్యే మరో ఫంక్షన్ ఉంది, తెలుగుకి అది వాడండి.

అభ్యాసం: ప్యాడ్‌స్టార్ట్ ముట్టుకోకుండా ఒక ఫంక్షన్ రాయండి. పూర్ణసంఖ్య, పొడవు ఇవ్వాలి. రుణ గుర్తు ముందే ఉండాలి, అది కూడా పొడవులో లెక్కే. సంఖ్య పొడవులో పట్టకపోతే కోయకూడదు, ఎర్రర్ విసరాలి. పొడవు 4 పెట్టి 0, 42, -7, -999, 9999, -1000 వరసగా ఇవ్వండి. చివరిది తప్ప అన్నీ దాటాలి. 0కి ఖాళీ స్ట్రింగ్‌ గానీ వచ్చిందా, షరతులో 0ని ఫాల్స్‌గా తీసుకున్నారన్నమాట.