పెళ్లికి ముందు ఆస్తుల ఒప్పందం ఎలా చేసుకోవాలి? విజయవాడ, గుంటూరు జంటలకు ఉన్న దారులు

పెళ్లి మాటల్లో పొలం ఎన్ని ఎకరాలు, బంగారం ఎన్ని కాసులు అని పెద్దలు అడుగుతారు. అబ్బాయికి అప్పులెన్ని ఉన్నాయో, అమ్మాయి తన జీతంతో కొనుక్కున్న ఫ్లాటు రేపు ఎవరి చేతిలో ఉంటుందో మాత్రం ఎవరూ అడగరు. ఈ మధ్య మన దగ్గరా వినిపిస్తున్న ప్రీనప్, అంటే పెళ్లికి ముందే ఆస్తులు, అప్పుల గురించి చేసుకునే ఒప్పందం, ఆ అడగని ప్రశ్నలకు రాసుకునే జవాబు. కానీ హిందూ పెళ్లిళ్లలో ఒక్క కాగితంతో ఈ పని పూర్తికాదు. అది తెలియకుండా స్టాంపు పేపరు కొంటే డబ్బు దండగ.

1. మీ పెళ్లికి ఏ చట్టం వర్తిస్తుందో ముందు చూసుకోండి

1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఇలాంటి ఒప్పందం ఊసే లేదు. అందుకే దీన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టంతో తూచి చూస్తారు. అందులోని 23వ సెక్షన్ ప్రకారం ప్రజా విధానానికి, అంటే సమాజ హితానికి, విరుద్ధమైన ఒప్పందం చెల్లదు. భార్యను పుట్టింటి నుంచి ఎన్నటికీ తీసుకుపోనని రాసిచ్చిన ఒక ఇల్లరికపు భర్త కేసులో ఆ షరతు చెల్లదని 1901లోనే కలకత్తా హైకోర్టు చెప్పింది. ఆస్తుల వివరాలు, ఎవరి సొమ్ము ఎవరిది అన్న అంగీకారం ఉన్న కాగితం మాత్రం సాక్ష్యంగా పనికొస్తుంది.

క్రైస్తవుల పరిస్థితి కొంత మెరుగు. 1869 నాటి విడాకుల చట్టం 40వ సెక్షన్ కింద, పెళ్లికి ముందో తర్వాతో చేసుకున్న ఆస్తి ఏర్పాట్లను కోర్టు విచారించి తగిన ఆదేశాలు ఇవ్వవచ్చు. ముస్లింలకు మెహర్ (పెళ్లి సందర్భంగా భర్త భార్యకు ఇచ్చే సొమ్ము), షరతులు నికానామా అనే పెళ్లి ఒప్పంద పత్రంలోనే రాసుకునే వీలుంది. గోవాలో పోర్చుగీసు కాలపు సివిల్ కోడ్ వల్ల పెళ్లికి ముందటి ఒప్పందానికి పూర్తి గుర్తింపు ఉంది. అక్కడి నమూనాను ఇంటర్నెట్ నుంచి దించుకుని బెజవాడలో సంతకాలు పెడితే ఆ గుర్తింపు రాదు.

2. ఎవరితో రాయించాలో తేల్చుకోండి

అన్నిటికన్నా చౌక దారి ఇంటర్నెట్ నమూనా, దాని మీద నోటరీ ముద్ర. సంతకం పెట్టింది మీరేనని నోటరీ ధ్రువీకరిస్తారు, అంతే. లోపల రాసిన షరతు చెల్లుతుందో లేదో ఆ ముద్ర చెప్పదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల దగ్గర ఉండే దస్తావేజు లేఖరులు పొలం, ఇంటి కాగితాల్లో చెయ్యి తిరిగినవారు. గిఫ్టు దస్తావేజు అయితే నిశ్చింతగా వారికి అప్పగించవచ్చు. భార్యాభర్తల హక్కుల సంగతి వారి పని కాదు.

రెండు కుటుంబాలకూ తెలిసిన ఒకే వకీలుతో రాయించడం చాలామందికి నచ్చే దారి. ఖర్చు కలిసొస్తుంది, మాటా బయటికి పోదు. నాకు మాత్రం ఇది అన్నిటికన్నా ప్రమాదకరంగా కనిపిస్తుంది. రేపు తేడా వస్తే ‘ఆయన వాళ్ల తరఫు మనిషి, నాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు’ అనే మాట ముందుకొస్తుంది. అనుచిత ఒత్తిడితో రాయించుకున్న ఒప్పందాన్ని కాంట్రాక్టు చట్టమే రద్దు చేయనిస్తుంది. ఇద్దరికీ వేర్వేరు వకీళ్లు ఉండాలి, అదీ కుటుంబ కేసులు వాదించేవారు. ఖర్చు ఎక్కువే గాని, కల్యాణ మండపంలో పూల అలంకరణకు పోసే డబ్బు ముందు అదొక లెక్క కాదు. ఖర్చు భరించలేని అమ్మాయి జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు. 1987 నాటి చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయసాయానికి అర్హత ఉంది.

3. అమెరికా సంబంధమైతే తేదీలు లెక్కపెట్టుకోండి

మన వైపు ఇది అరుదైన విషయం కాదు కదా! కాపురం పెట్టబోయేది కాలిఫోర్నియాలో అయితే, ఒప్పందం తుది ప్రతి చేతికి అందాక కనీసం ఏడు రోజులు గడిస్తేగాని సంతకం పెట్టకూడదు. భరణం వదులుకునే షరతు అక్కడ చెల్లాలంటే, వదులుకునేవారికి సొంత వకీలు ఉండి తీరాలి. అబ్బాయి రెండు వారాల సెలవులో వచ్చి, నిశ్చితార్థం, పెళ్లి, వ్రతం ముగించుకుని విమానం ఎక్కుతాడు. ఆ హడావుడిలో ఏడు రోజులు ఎక్కడ దొరుకుతాయి? అందుకే అతను బయల్దేరకముందే తుది ప్రతి సిద్ధం కావాలి. కాలిఫోర్నియా, టెక్సస్‌లలో పెళ్లి తర్వాత సంపాదించింది సాధారణంగా ఇద్దరి ఉమ్మడి ఆస్తి. న్యూజెర్సీలో కోర్టు న్యాయమనుకున్న రీతిలో పంచుతుంది. కాబట్టి ఏ రాష్ట్రంలో ఉండబోతున్నారో ఆ రాష్ట్రపు వకీలే రాయాలి, గుంటూరు వకీలు కాదు. ఇంగ్లండ్‌లో 2010 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఇలాంటి ఒప్పందాలకు విలువ పెరిగింది.

4. రాయకూడనివి ముందు పక్కన పెట్టండి

‘అమ్మాయి తరఫువారు ఇంత ముట్టజెప్పాలి’ అన్న వాక్యం ఒప్పందంలో ఉందంటే, అది మీ మీద మీరే రాసుకున్న ఫిర్యాదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడమూ నేరమే, పుచ్చుకోవడమూ నేరమే, అందుకోసం రాసుకున్న ఒప్పందమూ చెల్లదు. లాంఛనాలని పేరు మార్చినంత మాత్రాన తప్పించుకోలేరు. భరణం అడగనని రాసినా కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోదు. పుట్టబోయే పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో పిల్లల మేలు చూసి కోర్టే నిర్ణయిస్తుంది.

రాయదగినవి: ఇద్దరి ఆస్తులు, అప్పులు, జీతాలు, ఇంటి ఖర్చులో ఎవరి వంతు ఎంత, ఉమ్మడి ఖాతా ఎలా నడవాలి, చదువు కోసం తీసుకున్న రుణం ఎవరు తీర్చాలి. మాట కదిపేటప్పుడు అప్పులతో మొదలుపెట్టండి. ఆస్తులతో మొదలుపెడితే ‘మా మీద నమ్మకం లేదా బావగారూ?’ అని వియ్యంకుల మధ్య నిష్ఠూరం మొదలవుతుంది. తన అప్పు తానే ముందు చెప్పుకున్నవాడిని ఎవరూ అనుమానించరు.

5. ఒప్పందం పక్కన గట్టి కాగితాలు పెట్టుకోండి

అసలు బలం వీటిలోనే ఉంది. వరకట్న నిషేధ చట్టం కింద వచ్చిన 1985 నాటి నిబంధనల ప్రకారం పెళ్లిలో వచ్చిన కానుకల జాబితా రాయాలి. ఏ వస్తువు, దాని విలువ ఎంత, ఎవరిచ్చారు, వారు మీకేమవుతారు అన్నవి రాసి వధూవరులు సంతకం చేయాలి. దాదాపు ఎవరూ చేయని పని ఇది. స్త్రీధనం, అంటే పెళ్లిలో భార్యకు వచ్చిన నగలు, కానుకల వంటివి, భార్య సొంతమని 1985లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే ఏది స్త్రీధనమో చూపించడానికి ఆ జాబితా ఉండాలి కదా.

పసుపు కుంకుమల కింద పొలం ఇస్తామన్న మాటను నోటి మాటగా వదిలేయకండి. స్థిరాస్తి దానానికి ఇద్దరు సాక్షుల సంతకాలు, రిజిస్ట్రేషను తప్పనిసరి. ఇద్దరూ కలిసి ఫ్లాటు కొంటే క్రయ దస్తావేజులోనే ఎవరి వాటా ఎంతో రాయించండి. భర్త అప్పులవారి చేతికి చిక్కకుండా భార్యాపిల్లలకు బీమా డబ్బు అందాలంటే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద పాలసీ తీసుకోవాలి.

వీలునామా విషయంలో క్రైస్తవులు ఒకటి గమనించాలి. పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దవుతుంది, మళ్లీ రాయాలి. హిందువులకు ఈ ఇబ్బంది లేదు.

6. సంతకాలు

పెళ్లికి ముందు రోజు రాత్రి పెట్టించే సంతకానికి విలువ తక్కువ, అనుమానం ఎక్కువ. కనీసం నెల ముందు ముగించండి. ఆస్తుల, అప్పుల పట్టికను అనుబంధంగా చేర్చి ప్రతి పేజీ మీదా ఇద్దరూ సంతకం చేయాలి. రెండు అసలు ప్రతులు తయారుచేసి ఎవరిది వారి దగ్గర ఉంచుకోండి. పెళ్లయ్యాక వివాహ రిజిస్ట్రేషను మరవకండి, 2002 నాటి చట్టం ప్రకారం మన రాష్ట్రంలో అది తప్పనిసరి. ఆ ధ్రువపత్రం నకలును, కానుకల జాబితాను ఒప్పందంతో పాటే దాచండి.