సహజ రంగుల బట్ట అమ్ముడుపోవాలంటే

సహజ రంగులద్దిన బట్టను ఒకసారి అమ్మడం తేలికే. కొన్నవాళ్లు మళ్లీ రావడమే కష్టం. అందానికేం లోటుండదు, రెండు ఉతుకులకే రంగు వెలవడం, మళ్లీ అడిగితే అదే ఛాయ ఇవ్వలేకపోవడం దెబ్బతీస్తాయి.

ముందు ఏ రంగులు అమ్మాలో తేల్చుకోండి. పసుపు కొమ్ముల రంగు ఎండకు వెలుస్తుంది, బీట్‌రూట్ అసలు నిలవదు. రెండింటినీ వదిలేయండి. నీలిమందు, ఎర్రరంగిచ్చే మంజిష్ఠ వేరు, దానిమ్మ తొక్క చాలు మొదలుపెట్టడానికి.

అసలు పని రంగు తొట్టికి ముందే ఉంటుంది. నూలు బట్టయితే కిలో పొడి బట్టకు 20 గ్రాముల వాషింగ్ సోడా వేసి గంటసేపు ఉడికించి గంజి, జిడ్డు వదిలించాలి. ఆరాక నీటి చుక్క వేసి చూడండి. వెంటనే ఇంకాలి, తామరాకు మీద నీటిబొట్టులా నిలబడితే మళ్లీ ఉడికించాల్సిందే. లేకపోతే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది, ఆ తర్వాత ఏం చేసినా పోదు.

తర్వాత 200 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిండి, జాడించకుండా నీడలో ఆరేయండి. ఆ తర్వాత 200 గ్రాముల పటిక కరిగించిన నీళ్లలో మరో రాత్రి. కరక్కాయ మానేస్తే పటిక నూలును సరిగా పట్టుకోదు, రంగు ఉతుకులో జారిపోతుంది. పట్టుకు, ఉన్నికి కరక్కాయ అక్కర్లేదు, 150 గ్రాముల పటిక సరిపోతుంది. ఉడికించడానికి స్టీలు గిన్నెలే వాడండి, ఇనుము తగిలితే ఛాయ మసకబారుతుంది.

నీలిమందుకు కరక్కాయ, పటిక అక్కర్లేదు. ఒకేసారి ఎక్కువసేపు ముంచకుండా కాసేపు ముంచి తీసి, పచ్చదనం పోయి నీలం తేలేదాకా గాలికి ఆరబెట్టి, మళ్లీ ముంచాలి. చివర్లో నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించకపోతే కొన్నవాళ్ల చేతులకు, ఒంటికి అంటుతుంది.

అమ్మే ముందు ప్రతి విడత నుంచీ ఓ ముక్క కత్తిరించి తెల్లగుడ్డకు కుట్టి, 40 డిగ్రీల సబ్బునీళ్లలో అరగంట ఉతకండి. ఇంకో ముక్కను సగం అట్టతో కప్పి రెండు వారాలు ఎండ పడే కిటికీలో ఉంచండి. తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తే ఆ విడతను అమ్మకండి. బట్ట బరువు, రంగు బరువు, నీళ్లు, వేడి, సమయం ముక్కతోపాటే రాసి దాచండి.

1856లో కృత్రిమ ఊదాను కనిపెట్టాక, 1897లో కృత్రిమ నీలిమందు బజారుకొచ్చాక చెట్ల రంగులు ధరలోనూ, ఒకే తీరు ఛాయలోనూ ఓడిపోయాయి. ధరలో, ఒకే తీరు ఛాయలో పోటీకి దిగితే ఇప్పుడూ ఓటమే. విడత మారితే ఛాయ మారుతుందని ముందే చెప్పండి. ఒక జతకు కావలసిన బట్టంతా ఒకే తొట్టిలో అద్దండి.

ధర కట్టేటప్పుడు చెడిన బట్టనూ లెక్కలో వేయాలి. పదిలో రెండు పాడైతే పదింటి ఖర్చూ ఎనిమిదింటి మీదే పడాలి. పని గంటలు, దుకాణం కమీషన్ మొదటి రోజే కలపండి, తర్వాత పెంచితే కొనేవాళ్లు జారిపోతారు.

చీటీ మీద నీడలో ఆరేయమనీ, ఘాటు సబ్బు వద్దనీ, నిమ్మరసం పడితే మచ్చ పడొచ్చనీ రాయండి. అవి కొన్నాక తెలిస్తే బట్ట తిరిగొస్తుంది.