ఎంపీహెచ్ చేసి అమెరికాలో ఉద్యోగం వెతుకుతున్నారా? పట్టా రాకముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మే నెలలో ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) పూర్తయ్యే విద్యార్థులు ఫిబ్రవరిలో ఇంకా థీసిస్ టేబుళ్లు సరిచేసుకుంటూ ఉంటారు. ఉద్యోగం సంగతి ఏప్రిల్‌లో చూసుకోవచ్చులే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద చదివేవాళ్లకు మాత్రం ఉద్యోగాల కాలం ఫిబ్రవరిలోనే మొదలవుతుంది. మీకు ఎంత పని వచ్చన్నది ఒక ఎత్తు, ఏ తేదీకి ఏం చేశారన్నది ఇంకో ఎత్తు. నాకు తెలిసి వెనక్కి వెళ్లాల్సి వచ్చినవాళ్లలో పని రానివాళ్లు తక్కువ, తేదీల దగ్గర దెబ్బతిన్నవాళ్లే ఎక్కువ.

ముందు ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి హోదా పత్రం) తీసి సీఐపీ కోడ్ (కోర్సు ఏ విభాగానిదో చెప్పే సంఖ్య) చూడండి. కోర్సు పేరు పక్కన ఆరంకెల సంఖ్య ఉంటుంది. జనరల్ పబ్లిక్ హెల్త్ కోడ్ 51.2201. అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో లేదు. ఎపిడెమియాలజీ 26.1309, బయోస్టాటిస్టిక్స్ 26.1102, ఈ రెండూ స్టెమ్ కిందికి వస్తాయి. ఒకే స్కూల్లో, ఒకే బిల్డింగులో, చాలావరకు అవే క్లాసులు చదివిన ఇద్దరిలో ఒకరికి 12 నెలల ఓపీటీ (చదువు తర్వాత అమెరికాలో పని చేయడానికి ఇచ్చే అనుమతి) మాత్రమే వస్తుంది. ఇంకొకరికి దాని మీద మరో 24 నెలలు పొడిగించుకునే వీలుంటుంది. మీరు ఎపిడెమియాలజీ కాన్సంట్రేషన్ (ప్రత్యేక విభాగం) తీసుకున్నా, ఐ-20 మీద 51.2201 ఉంటే ప్రభుత్వం దృష్టిలో మీది జనరల్ పబ్లిక్ హెల్తే. ఇది చేరిన మొదటి సెమిస్టర్లోనే చూసుకోవాల్సిన విషయం. కాన్సంట్రేషన్ మారితే కోడ్ మారుతుందా అని అప్పుడే అడిగితే దారి దొరకవచ్చు. చివరి సెమిస్టర్లో అడిగితే చాలాచోట్ల ఆలస్యమైపోయిందనే అంటారు.

ఈ తేడా ఎంత పెద్దదో చెప్తాను. హెచ్-1బీ (యజమాని స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా) రిజిస్ట్రేషన్ ఏడాదికి ఒక్కసారి, మార్చిలో జరుగుతుంది, ఎవరికి వస్తుందో లాటరీలో తేలుతుంది. మేలో డిగ్రీ పూర్తయి జూలైలో ఓపీటీ మొదలైన వ్యక్తి దగ్గర 12 నెలలే ఉంటే, మధ్యలో వచ్చే మార్చి ఒక్కటే. లాటరీలో ఒక్కటే అవకాశం. స్టెమ్ పొడిగింపు ఉన్న వ్యక్తికి మూడు మార్చిలు దొరుకుతాయి. కాబట్టి స్టెమ్ కాని కోడ్ ఉన్నవాళ్లు ఉద్యోగం వెతికే తీరే వేరుగా ఉండాలి. దాని గురించి కింద రాశాను.

దరఖాస్తు తేదీలు

కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల దాకా ఓపీటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇందులోనే ఇంకో గడువు దాగి ఉంది. మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) సెవిస్‌లో (ప్రభుత్వం విద్యార్థుల వివరాలు ఉంచే వ్యవస్థ) ఓపీటీ సిఫార్సు నమోదు చేసిన రోజు నుంచి 30 రోజుల్లోపు ఐ-765 ఫారం (పని అనుమతి దరఖాస్తు) ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు చేరాలి. కొత్త ఐ-20 చేతికి వచ్చింది కదా అని ఫొటో కోసమో, కార్డులో డబ్బులు పడటం కోసమో ఆగి ఆ గడువు దాటిస్తే దరఖాస్తు తిరస్కరిస్తారు. అన్నీ సిద్ధం చేసుకున్నాకే డీఎస్‌ఓను సిఫార్సు అడగండి.

మొదలయ్యే తేదీని మీరే ఎంచుకుంటారు. కోర్సు ముగిశాక 60 రోజుల్లోపు ఏ రోజైనా పెట్టుకోవచ్చు. ఆఫర్ చేతిలో లేకపోతే ఆ తేదీని వీలైనంత ఆలస్యంగా పెట్టుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు మాత్రమే ఉండొచ్చు. శని, ఆదివారాలు, పండుగ సెలవులు అన్నీ అందులో కలుస్తాయి. ఆ 90 ఒకేసారి వాడాలనేం లేదు, కానీ ఒక ఉద్యోగం పోయి ఇంకోటి వెతుక్కునే రోజులు కూడా అదే లెక్కలో పడతాయి. స్టెమ్ పొడిగింపు వస్తే ఇంకో 60 కలుస్తాయి.

ఉద్యోగం వచ్చాక సెవ్‌పీ పోర్టల్‌లో (ఓపీటీ విద్యార్థులు వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైట్) యజమాని వివరాలు 10 రోజుల్లోపు ఎక్కించాలి. ఎక్కించకపోతే మీరు రోజూ ఆఫీసుకు వెళ్తున్నా సెవిస్‌లో నిరుద్యోగ దినాలు పెరుగుతూనే ఉంటాయి. ఆ ఉద్యోగానికీ మీ డిగ్రీకీ ఉన్న సంబంధం కూడా అక్కడ రాయాలి. 'డేటా చూస్తాను' అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఏ కోర్సులో నేర్చుకున్నది ఏ పనిలో వాడుతున్నారో మూడు నాలుగు వాక్యాల్లో రాయండి.

మొదటి 12 నెలల ఓపీటీలో జీతం లేని వాలంటీర్ పని కూడా లెక్కలోకి వస్తుంది. కానీ అది డిగ్రీకి సంబంధించినదై ఉండాలి, వారానికి కనీసం 20 గంటలు చేయాలి, కార్మిక చట్టాలకు విరుద్ధంగా ఉండకూడదు. యూనివర్సిటీలో మీకు తెలిసిన ప్రొఫెసర్‌ను గ్రాడ్యుయేషన్‌కు ముందే అడిగి, పేపర్ మీద రాయించుకుని పెట్టుకోండి. ఇది మొహమాటపడే విషయం కాదు. స్టెమ్ పొడిగింపులో మాత్రం ఈ దారి లేదు. అక్కడ జీతం ఉండాలి, యజమాని ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతి సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, ఐ-983 శిక్షణ ప్రణాళిక మీద సంతకం చేయాలి.

జీతం ఎక్కడి నుంచి వస్తుందో అడగండి

మిగతా రంగాల వాళ్లకు పెద్దగా అవసరం లేని జాగ్రత్త ఇది. పబ్లిక్ హెల్త్‌లో చాలా ఉద్యోగాలకు జీతం గ్రాంట్ నుంచి వస్తుంది. గ్రాంట్ అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది, మీరు ఎంత బాగా చేసినా సరే.

నా మొదటి ఉద్యోగం ఒక కౌంటీ ప్రాజెక్టులో దొరికింది. ఓపీటీ మొదలై అప్పటికే 41 రోజులు ఖర్చయ్యాయి. ఆఫర్ లెటర్ రాగానే సంతోషంతో సంతకం పెట్టాను, గ్రాంట్ ఎప్పటిదాకా ఉందని ఒక్కమాట అడగలేదు. అయిదో నెలలో ప్రాజెక్టు ఆగిపోయింది. మేనేజర్ కళ్లనీళ్లు పెట్టుకుంది, ఆమె తప్పేం లేదు. నా దగ్గర మిగిలినవి 49 రోజులు. ఆ 49 రోజుల టెన్షన్ ఇంకెవరికీ రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

2025లో జరిగింది గుర్తుంచుకోండి. మార్చిలో ఫెడరల్ ఆరోగ్య శాఖ కోవిడ్ కాలంలో రాష్ట్రాలకూ ఇతరులకూ ఇచ్చిన నిధుల్లో 1,100 కోట్ల డాలర్లకు పైగా రద్దు చేస్తున్నట్టు చెప్పింది. అదే నెలలో దాదాపు 10,000 ఉద్యోగాల కోత ప్రకటించింది, అందులో వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీవే 2,400 దాకా ఉన్నాయి. జూలై 1 నాటికి యూఎస్‌ఎయిడ్ విదేశీ సహాయ కార్యక్రమాలు నడపడం ఆగిపోయింది. దీనివల్ల పోయినవి ఖాళీలు మాత్రమే కాదు. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా మీరు చూస్తున్న ఉద్యోగాలకే దరఖాస్తు పెట్టుకుంటున్నారు. వాళ్లలో చాలామందికి స్పాన్సర్‌షిప్ (యజమాని వీసా పెట్టడం) అవసరం లేదు.

అందుకే ఇంటర్వ్యూ చివర్లో మీ వంతు వచ్చినప్పుడు అడగండి: ఈ పోస్టుకు డబ్బు ఏ గ్రాంట్ నుంచి వస్తుంది, అది ఏ తేదీతో ముగుస్తుంది, రెన్యూవల్ ఎప్పుడు తెలుస్తుంది? మర్యాదగా అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. గ్రాంట్లు రాసేవాళ్లకు ఈ ప్రశ్న అడిగిన అభ్యర్థి మీద గౌరవం పెరుగుతుంది కూడా. ఆరు నెలల్లో ముగిసే గ్రాంట్ అయినా చేరవచ్చు, కాకపోతే మూడో నెల నుంచే ఇంకోటి వెతకాలని తెలిసి చేరాలి.

ఏ సంస్థలో చేరుతున్నారన్నది ఉద్యోగం పేరు కన్నా ముఖ్యం

హెచ్-1బీకి ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20,000 అనే పరిమితి ఉంది. ఈ పరిమితి అందరు యజమానులకూ వర్తించదు. యూనివర్సిటీలు, వాటికి అనుబంధంగా ఉండే లాభాపేక్ష లేని సంస్థలు, లాభాపేక్ష లేని రీసెర్చ్ సంస్థలు, ప్రభుత్వ రీసెర్చ్ సంస్థలు లాటరీతో పని లేకుండా ఏడాదిలో ఎప్పుడైనా పిటిషన్ వేయొచ్చు. మెడికల్ స్కూలుకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రులు చాలావరకు ఇందులోకి వస్తాయి. మనకున్న పెద్ద అండ ఇదే. స్టెమ్ కాని కోడ్ ఉన్నవాళ్లు దరఖాస్తుల్లో ఎక్కువ భాగం ఇటువైపే పెట్టాలని నా గట్టి నమ్మకం. 2026 నుంచి లాటరీలో ఎక్కువ వేతన స్థాయికి ఎక్కువ అవకాశం ఇస్తున్నారు కాబట్టి, పబ్లిక్ హెల్త్ ప్రారంభ జీతాలతో లాటరీని నమ్ముకోవడం మునుపటికన్నా కష్టం.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. రాష్ట్ర, కౌంటీ ఆరోగ్య శాఖలు ప్రభుత్వానివే కదా, పరిమితి ఉండదులే అనుకుంటారు. ప్రభుత్వ సంస్థ అయినంత మాత్రాన మినహాయింపు రాదు, రీసెర్చ్ సంస్థ అయి ఉండాలి. సీడీసీ లాంటి ఫెడరల్ సంస్థల్లో శాశ్వత ఉద్యోగాలు చాలావరకు అమెరికా పౌరులకే. ఫెడరల్ ఉద్యోగాల వెబ్‌సైట్ యూఎస్‌ఏజాబ్స్‌లో గంటలు గంటలు గడిపే ముందు ప్రతి ప్రకటనలో అర్హత అన్న భాగం మొదట చదవండి. ఇంకొకటి, పరిమితి లేని సంస్థ నుంచి తర్వాత ప్రైవేటు కంపెనీకి మారాలంటే అప్పుడు లాటరీలోకి రావాల్సిందే.

ప్రకటనలో విద్యార్హత వాక్యం కూడా చూడండి. 'ఏదైనా డిగ్రీ' చాలు అని రాసిన ప్రోగ్రామ్ కోఆర్డినేటర్ పోస్టుకు హెచ్-1బీ తెచ్చుకోవడం చాలా కష్టం. ఆ వీసాకు ఉద్యోగం ఒక నిర్దిష్టమైన డిగ్రీని కోరేదై ఉండాలి. ఎపిడెమియాలజిస్టు, బయోస్టాటిస్టీషియన్ లాంటి పోస్టులకు ఈ ఇబ్బంది తక్కువ.

వెతికేటప్పుడు 'పబ్లిక్ హెల్త్' అని ఒక్క మాటే టైప్ చేస్తే సగం ఉద్యోగాలు కనిపించవు. రీసెర్చ్ కోఆర్డినేటర్, డేటా అనలిస్ట్, క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్, పాపులేషన్ హెల్త్, హెల్త్ ఎడ్యుకేటర్, ఇన్ఫెక్షన్ ప్రివెన్షన్, ఇవన్నీ మనవే. ముందు డాక్టరుగానో డెంటిస్టుగానో చదివి వచ్చినవాళ్లు రెజ్యూమేలో క్లినికల్ అనుభవం మొదటి పేజీ అంతా నింపేస్తుంటారు. దాన్ని రెండు లైన్లకు తగ్గించి, గణాంక సాఫ్ట్‌వేర్‌లు సాస్ (SAS)‌లోనో ఆర్ (R)‌లోనో మీరు చేసిన విశ్లేషణ, డేటా సేకరించే రెడ్‌క్యాప్‌లో కట్టిన సర్వే పైకి తెండి. చూపించడానికి ఏమీ లేకపోతే బీఆర్‌ఎఫ్‌ఎస్‌ఎస్, ఎన్‌హేన్స్ అనే జాతీయ ఆరోగ్య సర్వేల డేటా అందరికీ ఉచితంగా దొరుకుతుంది. ఒక ప్రశ్న తీసుకుని చిన్న రిపోర్టు రాసి పెట్టుకోండి.

ఫారాల్లో రెండు ప్రశ్నలు వస్తాయి. ఇప్పుడు పని చేయడానికి అనుమతి ఉందా అన్నది ఒకటి. ఓపీటీ కార్డు (ఈఏడీ అనే పని అనుమతి కార్డు) ఉంటే ఉందనే జవాబు. ఇప్పుడు గానీ ముందు ముందు గానీ స్పాన్సర్‌షిప్ కావాలా అన్నది రెండోది. కావాలంటే కావాలనే రాయండి. వద్దని రాసి చేరి, ఏడాది తర్వాత అడిగితే మీ మాట మీద నమ్మకం పోతుంది.

ఇక మోసాల గురించి. 90 రోజులు దగ్గరపడేకొద్దీ 'మా కన్సల్టెన్సీలో పేరు పెట్టుకుంటాం, పని తర్వాత చూపిస్తాం' అనే ఫోన్లు వస్తాయి. పని లేకుండా ఉద్యోగం ఉన్నట్టు చూపించడం అబద్ధమే. ఇప్పటికి గట్టెక్కినా, తర్వాత హెచ్-1బీ దగ్గరో గ్రీన్‌కార్డు దగ్గరో బయటపడితే దారులన్నీ మూసుకుపోతాయి. ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడిగేవాళ్ల దగ్గర ఆగకండి. హెచ్-1బీ ఫీజుల్లో యజమాని తప్పనిసరిగా తానే కట్టాల్సినవి ఉంటాయి, అవి మీ జీతంలో కోస్తామంటే ఒప్పుకోకండి.

ఓపీటీలో ఉండగా దేశం దాటాల్సి వస్తే ఈఏడీ కార్డు, ఆరు నెలల్లోపు ట్రావెల్ సంతకం ఉన్న ఐ-20, గడువున్న వీసా, ఉద్యోగ పత్రం దగ్గరుండాలి. హెచ్-1బీ పిటిషన్ నడుస్తుంటే లాయరును అడగకుండా టికెట్ కొనకండి. 2025 సెప్టెంబర్ 21 నుంచి దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల చెల్లింపు పెట్టారు. ఏ లాభాపేక్ష లేని సంస్థా మీకోసం అంత కట్టలేదు.

నిరుద్యోగ దినాలు 60కి చేరాయంటే 90 దాకా ఎదురుచూడకండి. ఆ వారమే డీఎస్‌ఓ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఇంకో కోర్సుకు సెవిస్ బదిలీ చేసుకోవాలా, వాలంటీర్ పని నమోదు చేయాలా, గడువులోపే వెళ్లిపోవాలా అన్నది అప్పుడైతే మీ చేతిలో ఉంటుంది. 90 దాటాక మామూలుగా ఓపీటీ ముగిశాక దొరికే 60 రోజుల వెసులుబాటు కూడా ఉండదు. వెళ్లేటప్పుడు ఈఏడీ కార్డు కాపీ, పోర్టల్‌లో కనిపిస్తున్న రోజుల లెక్క, ఇప్పటిదాకా చేసిన పనుల పత్రాలు, ప్రొఫెసర్ రాసిచ్చిన కాగితం వెంట తీసుకెళ్లండి.